మధ్య గదిలో నాలుగు రాళ్ళు

సొలొమోను మేస్త్రి మా ఇంటికి వచ్చిన మొదటి రోజు ఒక్క పనీ చేయలేదు. మాకు అలాగే అనిపించింది. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, చెప్పులు అరుగు కింద విడిచి, మధ్య గదిలో గొంతుక్కూర్చున్నాడు. సుత్తి తిరగేసి పట్టుకుని దాని కర్రతో నేలని కొట్టడం మొదలుపెట్టాడు. ఒక రాయి మీద మూడు దెబ్బలు కొట్టి, తల వంచి వినేవాడు. పక్క రాయికి జరిగి మళ్ళీ మూడు దెబ్బలు. మధ్యాహ్నం దాకా అదే.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "టైల్స్ వెయ్యమంటే తలుపు కొట్టినట్టు నేలని కొడతాడేంటే? లోపలినించి ఎవరన్నా పలుకుతారనా?" అంది నాతో మెల్లగా.

మా ఇంటి నేల నాపరాళ్ళది. తాతయ్య పరిపించాడు. నలభై ఏళ్ళలో కొన్ని రాళ్ళు కుంగాయి, కొన్ని అంచులు లేచాయి. మాకు అలవాటే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఏప్రిల్లో నాయనమ్మకి విజయవాడలో మోకాలి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నందిగామలో మా అత్త ఇంట్లో ఉండి వాకర్‌తో నడక నేర్చుకుంటోంది. ఇంటికి తీసుకెళ్ళాలంటే నేల సమంగా ఉండాలనీ, ఈ వయసులో ఒక్కసారి పడితే మళ్ళీ లేవడం కష్టమనీ డాక్టరు నాన్నతో చెప్పాడు. అందుకని టైల్స్. పన్నెండు రోజుల్లో నాయనమ్మ వస్తుంది. మధ్య గదిలో ఫ్యాను కింద ఆమెకి మంచం వేస్తాం. ఈలోపు నేల తయారవ్వాలి.

నాన్న పేటలో టైల్స్ షాపుకి వెళ్ళి, కాలు జారకుండా కొంచెం గరుకుగా ఉండే టైల్స్ కొన్నారు. సొలొమోను పేరు చెప్పింది ఆ షాపు ఆయనే. మనిషి నిదానం, పని గట్టి అన్నాడట. యాభై దాటిన మనిషి. తోడు ఎవరినీ తెచ్చుకోలేదు. నేల తయారయ్యేదాకా ఒక్కణ్ణే చాలన్నాడు. అది కూడా అమ్మకి నచ్చలేదు.

"సెలవులేగా, నువ్వు ఇంట్లోనే ఉంటావు. ఓ కన్నేసి ఉంచు," అని నాన్న నాతో చెప్పి పొలం వెళ్ళారు.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. ఊళ్ళో హైస్కూల్లో పదో తరగతి దాకా చదివి, నందిగామలో ఇంటర్ మొదటి ఏడాది పూర్తి చేశాను. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయికి నా గొంతు ఎలా ఉంటుందో సంక్రాంతి దాటాకే తెలిసింది. చూడమంటే మాత్రం బాగా చూస్తాను. చూసింది డైరీలో రాసుకుంటాను.

ఆ రోజు డైరీలో మధ్య గది బొమ్మ గీశాను. గుమ్మం నుంచి ఆరు వరసలు, వరసకి ఎనిమిది రాళ్ళు. మొత్తం నలభై ఎనిమిది. సొలొమోను కొట్టిన ప్రతి రాయి మీదా సుద్దతో ఏదో ఒక గుర్తు పెట్టాడు. కొన్నిటికి గీత, కొన్నిటికి సున్నా, కొన్నిటికి ఇంటూ. నేను గుమ్మం పక్కన కూర్చుని వాటిని నా బొమ్మలోకి ఎక్కించుకున్నాను. నాలుగో వరసలో రెండు రాళ్ళు, ఐదో వరసలో వాటి పక్కనే రెండు. ఆ నాలుగింటి దగ్గరా అతను చాలాసేపు ఉన్నాడు. మిగతా రాళ్ళ మీద దెబ్బ టక్‌మని వినిపించింది. వీటి మీద డబ్‌మని, దూరంగా ఎవరో దుప్పటి దులిపినట్టు వినిపించింది. నాలుగింటినీ కలిపి చుట్టూ పెద్ద గీత గీశాడు. వాటిలో ఒక రాయికి పగులు ఉంది. ఆ పగులు కొస దగ్గర చిన్న అడ్డగీత పెట్టాడు. కొస నుంచి రాయి మూలకి ఎంత దూరం ఉందో జానతో కొలిచి చూసుకున్నాడు. సరిగ్గా జానెడు. అది కూడా రాసుకున్నాను.

తర్వాత నాతో మొదటి మాట మాట్లాడాడు. "పాపగారూ, నాయనమ్మగారి మంచం ఎక్కడేస్తారు?"

నేను ఆ నాలుగు రాళ్ళ వైపు వేలు చూపించాను. అతని మొహం మారింది. సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు.

అప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆ రాళ్ళ మీద గెంతితే నాయనమ్మ కసిరేది. ఆమె కూడా గది మధ్యలోంచి నడిచేది కాదు. వంటింట్లోకి వెళ్ళాలన్నా గోడ వెంబడే చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం వెళ్ళేముందు సొలొమోను మూడు ప్లాస్టిక్ ముక్కలు తీసి, గదిలో మూడు చోట్ల నేల మీద పరిచి, నాలుగంచులకీ టేపు అంటించాడు. రేపటిదాకా వాటిని కదపొద్దన్నాడు. అందులో ఒకటి ఆ నాలుగు రాళ్ళ మీద ఉంది.

ఎదురింటి సాంబయ్య తాత కాఫీ వేళకి వచ్చి వాటిని చూశాడు. ఆయనకి పొలం లేదు, పని లేదు, అరుగు మాత్రం ఉంది. "ఒరేయ్ చినబాబూ, నేలని కొట్టి వినేవాళ్ళు రెండు రకాలు. ఒకడు తాపీ మేస్త్రి, రెండోవాడు లంకెబిందెలు వెతికేవాడు. ఈయన ఏ రకమో కనుక్కున్నావా?" అన్నాడు నాన్నతో.

నాన్న నవ్వారు. నవ్వు అయ్యాక ఆ ప్లాస్టిక్ ముక్క వైపు ఇంకోసారి చూశారు.

మర్నాడు మంగళవారం. సొలొమోను వచ్చీ రాగానే టేపులు ఊడదీశాడు. రెండు ముక్కల కింద నేల పొడిగా ఉంది. ఆ నాలుగు రాళ్ళ మీది మూడో ముక్క లోపలివైపు సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. మే నెల ఎండలో, చుక్క నీళ్ళు పడని గదిలో చెమ్మ. సొలొమోను ఆ చెమ్మని వేలితో తుడిచి వాసన చూశాడు.

అమ్మ అతనికి కాఫీ ఇచ్చింది. పనివాళ్ళ కోసం ఒక స్టీలు గ్లాసు అరుగు గూట్లో విడిగా ఉంటుంది. అందులో పోసి అరుగు గోడ మీద పెట్టింది. అతను తాగి, కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించాడు. తర్వాత సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, గోడల మీద ఒకే ఎత్తున గుర్తులు పెట్టాడు. ఆ పైన ఉలితో రాళ్ళ నున్నదనం పోయేలా గాట్లు పెట్టడం మొదలుపెట్టాడు. సిమెంటు పట్టుకోవాలంటే రాయి గరుకవ్వాలట. గదంతా పెట్టాడు గానీ ఆ నాలుగు రాళ్ళనీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అతను గొడ్లచావిడి వెనక్కి వెళ్ళాడు. నేను ఆరేసిన బట్టలు తీయడానికి అటు వెళ్ళాను. తడిక అవతల ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఖాళీ ఉందన్నా. ఆఁ, నాలుగు రాళ్ళంత. లోతెంతో తెలీదు. లేదు, ఇంట్లోవాళ్ళకింకా చెప్పలా. రేపు పెద్ద గునపం తీసుకుని రా. ఒక రాయి లేపి చూద్దాం. చూసాకే చెప్తా."

బట్టలు సగం తీగ మీదే వదిలేసి వచ్చేశాను. ఆ సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే, విన్నది విన్నట్టు చెప్పేశాను. నా అంతట నేను వెళ్ళి ఎవరి గురించైనా ఒక మాట చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

నాన్న అతన్ని గట్టిగా ఏమీ అనలేదు. కేకలు వేసే మనిషి కాదు. సొలొమోను సామాను సర్దుకుంటుంటే పక్కన నిలబడి, "సొలొమోనూ, రేపటినించి రావద్దులే," అన్నారు.

"పని నచ్చలేదా అండీ?"

"నచ్చకేం. వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నా."

"సరేనండి. ఆ నాలుగు రాళ్ళ సంగతి మాత్రం…"

"ఆ రాళ్ళ సంగతి నాకు తెలుసు."

సొలొమోను నాన్న వైపు, తర్వాత నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అతను సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దిగాక వెనక్కి తిరిగాడు. "వాటి మీద మంచం వెయ్యకండి బాబుగారూ. ఆ ఒక్కటీ వినండి," అన్నాడు.

అరుగు మీద కూర్చుని అంతా విన్న సాంబయ్య తాతకి ఆ రాత్రి భోజనం సయించి ఉండదు. "మంచం వెయ్యొద్దన్నాడా? మంచం వేస్తే మనిషి పడుకుంటుంది. మనిషి పడుకుంటే తవ్వడం కుదరదు. నీకు అర్థమవుతోందా చినబాబూ?"

నాన్నకి అర్థమైనట్టే ఉంది. బుధవారం పొద్దున్న తలుపులు దగ్గరకి వేసి ఆ నాలుగు రాళ్ళ ముందు చాలాసేపు కూర్చున్నారు. రాళ్ళు లేపి చూద్దామని అమ్మ అంది. ఎవరైనా చూస్తే ఊరంతా మన ఇంటి ముందే ఉంటుంది అన్నారు నాన్న. లేకపోతే నవ్వుతారు, ఉంటే ఊరుకోరు. చివరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. కింద ఏదైనా ఉంటే ఉంటుంది. పైన టైల్స్ వేసి, వాటి మీద నాయనమ్మ మంచం వేస్తే ఇంక ఎవడూ ముట్టుకోలేడు. అంతదాకా కాపలాగా టైల్స్ పెట్టెలన్నీ తెచ్చి ఆ నాలుగు రాళ్ళ నడుమ పేర్చారు. ఒక్కో పెట్టె ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఇరవై రెండు పెట్టెలు. నాలుగు రాళ్ళకీ బయటి మూలలు మాత్రం కనిపించేలా మధ్యలో గుట్టగా నిలబడ్డాయి.

అమ్మ బకెట్టులో నీళ్ళు తెచ్చి సుద్ద గీతలన్నీ తుడిచేసింది. "ముగ్గో మంత్రమో. ఇంట్లో ఎందుకు?" అంది.

మధ్యాహ్నం నందిగామ నుంచి కొండలరావు వచ్చాడు. అతను మేస్త్రి కాదు, కాంట్రాక్టరు. బండి దిగకుండానే కిటికీలోంచి గది చూశాడు. "పాత నేల మీద గమ్ముతో అతికించేస్తే రెండ్రోజుల పనండి. శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తాం. ఈ గాట్లు కూడా అక్కర్లేదు, అనవసరంగా పెట్టించారు," అన్నాడు.

రాళ్ళని కొట్టి చూడరా అని అడుగుదామనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చేసరికి అతని బండి మలుపు తిరిగింది.

గురువారం నాయనమ్మకి కూరల క్యారేజీ తీసుకుని బస్సులో నందిగామ వెళ్ళాను. అత్త వంటింట్లో ఉంది. నాయనమ్మ హాల్లో నడుస్తోంది. వాకర్ ఎత్తి ముందుకి పెడుతుంది. దాని నాలుగు కాళ్ళకీ నల్ల రబ్బరు తొడుగులు. వాటి మీద ఒళ్ళంతా ఆనించి కాలు జరుపుతుంది. ఆమె బరువంతా చిల్లుకాసంత నాలుగు చోట్ల మీద పడుతోంది. నేను ఆ రబ్బరు తొడుగుల్నే చూస్తూ కూర్చున్నాను.

"నాయనమ్మా, మన మధ్య గదిలో ఫ్యాను కింద రాళ్ళున్నాయి కదా. వాటి కింద ఏముంది?"

వాకర్ ఆగిపోయింది. "ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"ఎవరూ అడక్కుండా నీకెందుకొచ్చింది ఆ ఊసు? సాంబయ్యా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా కళ్ళలోకి చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఎవరినీ అంత పరీక్షగా చూడరు. "ఏం లేదు. ఎవరడిగినా ఏం లేదని చెప్పు. మీ నాన్న ఆ రాళ్ళు లేపుతున్నాడా?"

"లేదు. మీదే టైల్స్ వేస్తున్నారు."

"అదే మంచిది. మూసెయ్యమను." ఆమె ఊపిరి వదిలింది. తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఆపరేషన్ గురించీ అత్త పప్పులో ఉప్పు గురించీ తప్ప ఇంకేం మాట్లాడలేదు.

ఏమీ లేకపోతే ఎందుకు మూసెయ్యమంటుంది? తిరుగు బస్సులో అదే ఆలోచిస్తున్నాను. నాన్న సొలొమోనుని అనుమానిస్తున్నారు. నాయనమ్మ నన్ను అనుమానిస్తోంది. నేను ఇప్పుడు నాయనమ్మని కూడా అనుమానిస్తున్నాను.

గాంధీ సెంటర్ దాటాక బస్సు ఆగింది. సంచీ భుజాన వేసుకుని సొలొమోను ఎక్కాడు. నన్ను చూసి, నా ముందు సీట్లో కూర్చుని, సగం వెనక్కి తిరిగాడు.

"నాయనమ్మగారు నడుస్తున్నారా పాపగారూ?"

తల ఊపాను.

"టైల్స్ వేసేసారా?"

అడ్డంగా ఊపాను.

"వేసేవాళ్ళు కొట్టి చూసారా?"

నేను కిటికీ వైపు తిరిగాను. "ఆ రోజు చావిడి దగ్గర గాజుల చప్పుడు విన్నాలెండి," అన్నాడు. "ముందే చెప్తే కూలి కోసం పని పెంచుతున్నాడంటారు. కళ్ళారా చూసి చెబుదామనుకున్నా. అదీ తప్పే అయ్యింది."

నా చెవులు వేడెక్కాయి.

"కుర్రతనంలో ఒకరింట్లో కొట్టి చూడకుండా పరిచేసా. ఆర్నెల్లకి వాళ్ళు రోలు పెట్టుకున్న చోట నేల దిగిపోయింది. రోలు కాబట్టి సరిపోయింది. అప్పటినించి చూడందే పరవను. మీ ఇంట్లో కింద ఏముందో నాకు తెలీదు పాపగారూ. నేలైతే లేదు."

అనాసాగరం దగ్గర దిగిపోయాడు. అతను చెప్పింది నిజం కావచ్చు. నాన్న చెవిన పడాలని నాకు చెప్పిన కథా కావచ్చు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక, ఇంటికి వెళ్ళాక నేనే చూడాలనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ పాలు పితకడానికి వెళ్ళినప్పుడు మధ్య గదిలోకి వెళ్ళాను. వంటింట్లో గిన్నెలు కదిపితే చప్పుడవుతుందని, అరుగు గూట్లోని స్టీలు గ్లాసు తెచ్చి నిండా నీళ్ళు పోశాను. ముందు గోడ పక్కన గట్టి రాయి మీద పెట్టి, ఆ రాయి అంచున కాలు ఆనించి ఊగాను. నీళ్ళు కదల్లేదు. తర్వాత పెట్టెల పక్కన కనిపిస్తున్న మూల మీద పెట్టి మెల్లగా కాలు మోపాను. నీళ్ళ మీద గుండ్రంగా వలయాలు లేచాయి. ఇంకొంచెం బరువు వేశాను. గ్లాసు అంచు మీదుగా నీళ్ళు రాతి మీదికి ఒలికాయి. ఒలికిన నీళ్ళు రాతి మీద నిలవలేదు. ఒక సన్నటి గీత వెంట లోపలికి జారిపోయాయి.

అది పగులు. డైరీ తెచ్చి చూశాను. సోమవారం పగులు కొసకీ మూలకీ మధ్య జానెడు దూరం ఉంది. ఇప్పుడు పగులు మూలని తాకింది. బుధవారం నాన్న పెట్టెలు పేర్చాక పెరిగింది. రేపు వీటి మీద టైల్స్ వేస్తారు, ఆ పగులు ఇంక కనబడదు. వారం తర్వాత నాయనమ్మ రబ్బరు తొడుగుల వాకర్‌తో వచ్చి అక్కడే నిలబడుతుంది.

నాన్న వచ్చాక చెబుదామని రెండుసార్లు అరుగు దాకా వెళ్ళాను. సాంబయ్య తాత అక్కడే ఉన్నాడు. ఆయన ముందు చెప్పడమంటే ఊరందరి ముందూ చెప్పడమే. నోరు తెరిచి మూసి వచ్చేశాను. పైగా మొదటిసారి నోరు తెరిచినప్పుడు ఏమయిందో చూశాను కదా.

శుక్రవారం తెల్లవారుతూనే లేచాను. కాలేజీ సంచీలో సుద్దముక్క ఉంది. డైరీ పక్కన పెట్టుకుని, అమ్మ తుడిచేసిన గుర్తులన్నీ మళ్ళీ నేల మీద గీశాను. మొదటి వరస నుంచి ఆరో వరస దాకా, గీతలు, సున్నాలు, ఇంటూలు. పెట్టెల చుట్టూ పెద్ద గీత. పాత కొస ఉన్న చోట అడ్డగీత పెట్టి 'సోమవారం' అని, మూల దగ్గర 'గురువారం' అని రాశాను. రాసి గుమ్మంలో కూర్చున్నాను.

నాన్న లేచి వచ్చి చూసి కొయ్యబారిపోయారు. "వాడు మళ్ళీ వచ్చాడా? తలుపు ఎవరు తీశారు?"

"నేనే గీశాను."

"నువ్వా? ఎవరు గియ్యమన్నారు? వాడు నీకేమన్నా చెప్పాడా?"

"చెప్పాడు. అందుకని కాదు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. డైరీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. "సోమవారం జానెడు ఉంది నాన్నా. మేస్త్రి కొలిస్తే రాసుకున్నా. ఇప్పుడు లేదు. ఆ పెట్టెలు తీసెయ్యండి. నాయనమ్మ పడిపోతుంది."

ఆయన డైరీ చూశారు, నేల చూశారు. వంగి మూల దగ్గర పగులు మీద వేలు పెట్టారు. ఆ వేలు తీసి కాసేపు చూసుకున్నారు. వేలి మీద ఏమీ లేదు. తర్వాత అమ్మని పిలిచారు.

ముగ్గురం కలిసి పెట్టెలు ఒక్కోటీ గోడవైపు జరిపాం. నాన్న ఆ నాలుగు రాళ్ళ మీద నిలబడకుండా బయటినుంచే లాగారు. ఆఖరి పెట్టె కదిలిస్తుండగా బయట కొండలరావు బండి హారన్ వినిపించింది. సరిగ్గా అప్పుడే పగిలిన రాయి మూల ఒకటి, రొట్టెముక్క విరిగినట్టు, చప్పుడు లేకుండా కిందికి పోయింది. అది పడిన చప్పుడు కొంచెం ఆలస్యంగా వినిపించింది.

ఆ కంతలోంచి చల్లటి, పాత గోనెసంచి వాసన వచ్చింది.

కొండలరావు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇది మా పని కాదండి," అని అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళాడు. నాన్న టార్చి వేసి లోపల చూశారు. మనిషి నిలబడితే మునిగేంత గొయ్యి. మూతి సన్నం, లోపల వెడల్పు. గోడలకి మట్టి మెత్తి, గడ్డి అంటించిన ఆనవాళ్ళు. అడుగున నల్లబడి కుళ్ళి కుంగిపోయిన ఊక. దాని మీద మా నేలలోని ముక్క ఒకటి. అంతే, ఇంకేమీ లేదు. నాన్న మూడుసార్లు చూశారు.

ఆయన నందిగామకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. "అమ్మా, మధ్య గది కింద గొయ్యుంది."

"జొన్నలు దాచుకునే పాతర రా అది," అంది నాయనమ్మ. "మా అత్తగారి కాలంలోది. ఆ రాళ్ళు పరిచినప్పుడు మీ నాన్న మట్టి పోసి పూడ్పించానన్నాడు. నేనప్పుడు చేలో ఉన్నా, చూడలా."

"మట్టి కాదు, ఊక పోశాడు."

"ఊకేనా? ఆయన పనులన్నీ అంతే."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏవని చెప్పను? పాతర మూసినప్పుడు అందులో ఏదో దొరికిందని మీ బాబాయి అన్నాడు. లేదంటే నమ్మలా. చచ్చేదాకా మన గడప తొక్కలా. ఆ మాట ఎత్తితే చాలు, ఊళ్ళో మళ్ళీ మొదలెడతారు."

నాన్న ఫోన్ పెట్టేసి, బండి తీసి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే బయల్దేరారు. ఎక్కడికని అమ్మ అడగలేదు. గంటకి వెనక సొలొమోనుని కూర్చోబెట్టుకుని వచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బండి దిగినప్పుడు నాన్న మొహం కిందికే ఉంది.

సొలొమోను గుమ్మంలో ఆగి నేల మీది గీతలు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదెవరు గీసారు?"

నాన్న నా వైపు చూశారు. నేను డైరీ అతని చేతికిచ్చాను. అతను గది బొమ్మ చూసి పేజీ తిప్పాడు. "'తొమ్మిదిన్నరకి నీళ్ళు అడిగాడు. పన్నెండున్నరకి సుద్ద చెవి మీద పెట్టుకున్నాడు.' బాబోయ్, పోలీసోళ్ళు కూడా ఇంత రాయరు పాపగారూ." పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ నేల చూసి, వంగి రెండో వరసలో ఒక గుర్తుని చేత్తో తుడిచాడు. "ఇది ఇంటూ కాదు, సున్నా. రాయి ఎత్తుగా ఉంది, బోలు కాదు. మిగతావి కరెక్టే."

తప్పయిపోయిందని చెబుదామనుకున్నాను. నేను మొదలుపెట్టేలోపు అతను గునపం అడిగాడు. తెచ్చి ఇచ్చాను.

ఆ నాలుగు రాళ్ళూ లేపి, ఊక తోడి, గొయ్యి నిండా రాళ్ళు, కంకర, ఇసుక పొరలుగా పోసి, నీళ్ళు పెట్టి దిమ్మిసతో కొట్టారు. పైన ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు వేశారు. అది గట్టిపడేదాకా ఆగి, మళ్ళీ ప్లాస్టిక్ ముక్క అంటించి చూసి, అప్పుడు టైల్స్ వేశారు. నాయనమ్మ రావడం ఆరు రోజులు వెనక్కి పోయింది. సాంబయ్య తాత రోజూ వచ్చి తోడిన ఊకని కర్రతో కెలికి చూసి వెళ్ళేవాడు. "ఏవీ దొరకలేదంటున్నావుగా చినబాబూ. మరి మేస్త్రిని నువ్వే బండి మీద ఎక్కించుకు రావడమేంటో," అన్నాడు ఒకసారి. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. సొలొమోనుకి కూడా వాటా ఉందట.

ఆ గురువారం నేను నీళ్ళు పోసి చూసిన స్టీలు గ్లాసుని కంగారులో వంటింట్లో పెట్టేశాను. అది మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది. అమ్మ రెండ్రోజులు వెతికింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. తర్వాత ఏ గ్లాసు చేతికొస్తే దాంట్లోనే అందరికీ కాఫీ పోసింది.

నాయనమ్మ వచ్చిన రోజు సొలొమోను కూడా ఉన్నాడు. గుమ్మం దగ్గర మిగిలిన సందులు పూడుస్తున్నాడు. నాయనమ్మ వాకర్‌తో గడప దాటి గదిలోకి వచ్చింది. నేలంతా ఒకే రంగు, ఒకే కొలత. ఏ టైలు ఎక్కడిదో నాకే తెలియదు. ఆమె గోడవైపు తిరగబోయి, మంచం ఫ్యాను కింద ఉందని చూసి, మధ్యలోకి నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది. సరిగ్గా గొయ్యి మూతి ఉన్న చోటికి ఒక అడుగు ఇవతల.

"నిండా పోయించామమ్మా. నేను దగ్గరుండి చూశా, భయం లేదు," అన్నారు నాన్న.

"మీ నాన్న కూడా నిండిందనే చెప్పాడు," అంది నాయనమ్మ.

వాకర్ రెండు చేతులతో కొంచెం ఎత్తి, ముందు కాళ్ళతో నేలని కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తల వంచి విన్నది. గుమ్మం దగ్గర సొలొమోను చేతిలో పని ఆపి, అతనూ విన్నాడు.

తర్వాత ఆమె వాకర్ అక్కడ ఆనించి, బరువంతా దాని మీద వేసి, కాలు ముందుకి పెట్టింది.